ఇనుము అయస్కాంత లోహం కదా, దానితో అతివాహకం ఎలా తయారవుతుంది?

ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం రెండో సంవత్సరంలో ఉన్నానని చెబుతూ మీరు మూడు సంగతులు అడిగారు. అయస్కాంతత్వం అతివాహకతకు, అంటే విద్యుత్ నిరోధం పూర్తిగా సున్నా అయ్యే స్థితికి, శత్రువని పాఠ్యపుస్తకంలో చదివారు కదా, మరి ఇనుము ఉన్న స్ఫటికాలు 55 కెల్విన్ దాకా అతివాహకాలుగా ఎలా ఉంటున్నాయన్నది మొదటిది. దాని వెనకున్న కారణం తేలిపోయిందా అన్నది రెండోది. మీ కళాశాలలో గొట్టపు కొలిమి ఉంది కాబట్టి ప్రాజెక్టు కోసం ఐరన్ సెలినైడ్ తయారు చేసుకోవచ్చా అన్నది మూడోది. ఈ కుటుంబానికి చెందిన స్ఫటికాలను పెంచడం, వాటిని చల్లబరిచి కొలవడం నాకు పదేళ్లకు పైబడిన వృత్తి. కాబట్టి సిద్ధాంతం కంటే పదార్థం వైపు నుంచే ఎక్కువగా చెబుతాను.

ముందు సూటి సమాధానం. అతివాహకతను చంపేది ఇనుము అనే మూలకం కాదు. స్థిరంగా ఒక దిశకు కట్టుబడి నిలబడిన అయస్కాంత భ్రామకాలు, అంటే పరమాణువులు చిన్న చిన్న అయస్కాంతాలుగా ప్రవర్తించే గుణం. ఈ స్ఫటికాలలో ఇనుము పరమాణువులు ఆర్సెనిక్ లేదా సెలీనియం పరమాణువుల మధ్య పలుచని పొరగా బిగుసుకుని ఉంటాయి. వాటి ఎలక్ట్రాన్లు చాలావరకు పొరంతా తిరుగుతూ ఉంటాయి కాబట్టి, మామూలు ఇనుములో ఉన్నంత పెద్ద స్థిర భ్రామకం మిగలదు. మిగిలిన కొద్దిపాటి అయస్కాంత క్రమాన్ని కూడా డోపింగుతోనో (కొన్ని పరమాణువుల చోట వేరేవి పెట్టడం) పీడనంతోనో చెదరగొడితే, ఆ క్రమం పోయిన చోటే అతివాహకత పుడుతుంది. అలా చెదిరి కదలాడుతున్న అయస్కాంతత్వమే ఎలక్ట్రాన్లను జతకలుపుతోందని ఈ రంగంలో ఎక్కువమంది నమ్మకం, నాదీ అదే. కాని మీ రెండో ప్రశ్నకు పూర్తిగా 'అవును' అనడానికి ఇంకా వీలు లేదు.

మా ప్రయోగశాలలో కొత్తగా చేరినవారికి మొదటి రోజే ఒక పని అప్పగిస్తాను. బేరియం ఐరన్ ఆర్సెనైడ్ స్ఫటికం ఒకటి, అద్దంలా మెరిసే చిన్న పలక, తీసి కాగితం మీద పెట్టి, పక్కనే బలమైన నియోడిమియం అయస్కాంతాన్ని ఉంచమంటాను. పలక కదలదు. ప్రతి అయిదు పరమాణువులలో రెండు ఇనుమే అయినా అది అయస్కాంతానికి అంటుకోదు. అదే కాగితం మీద చిటికెడు ఇనుప రజను వేస్తే ఎగిరి వెళ్లి అతుక్కుంటుంది. మీ ప్రశ్నకు సగం సమాధానం ఆ కాగితం మీదే దొరుకుతుంది.

మిగతా సగానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. పాఠ్యపుస్తకం తప్పు చెప్పలేదు. మామూలు అతివాహకంలో జతకట్టే రెండు ఎలక్ట్రాన్ల స్పిన్లు, అంటే వాటి సహజ అయస్కాంత దిశలు, ఎదురెదురుగా ఉంటాయి. మధ్యలో స్థిరమైన అయస్కాంత భ్రామకం గల పరమాణువు అడ్డం వస్తే, అది ఒక స్పిన్‌ను ఒకలా, రెండోదాన్ని మరోలా లాగి జతను విడగొడుతుంది. 1950ల చివర్లో భౌతికశాస్త్రజ్ఞుడు మథియాస్ బృందం లాంథనంలో గాడోలినియాన్ని శాతం లెక్కన కొద్దికొద్దిగా కలిపి చూసినప్పుడు, సందిగ్ధ ఉష్ణోగ్రత, అంటే అతివాహకత మొదలయ్యే ఉష్ణోగ్రత, నిట్టనిలువునా పడిపోయింది. కొత్త అతివాహకాల కోసం వెదికేవారికి ఆయన చెప్పాడంటూ కొన్ని నియమాలు ఇప్పటికీ చెలామణిలో ఉన్నాయి: ఆక్సిజన్‌కు దూరంగా ఉండండి, అయస్కాంతత్వానికి దూరంగా ఉండండి, విద్యుత్ బంధకాలకు దూరంగా ఉండండి, చివరగా సిద్ధాంతకర్తలకు దూరంగా ఉండండి అని. 1986లో రాగి ఆక్సైడ్లు వీటిలో చాలావాటిని ఒక్క దెబ్బతో కొట్టేశాయి. ఆఖరి నియమాన్ని మాత్రం మాబోటి ప్రయోగశాలవాళ్లం సరదాగానైనా ఇప్పటికీ వదులుకోలేదు.

ఇనుము విషయంలో ఇంకో చిన్న చరిత్ర కూడా ఉంది. ఇనుము ఉన్న అతివాహకాలు 2008కి ముందే కొన్ని తెలుసు. లుటీషియం, ఇనుము, సిలికాన్‌లతో కూడిన ఒక సమ్మేళనం 6 కెల్విన్ దగ్గర అతివాహకమని 1980లోనే చూశారు. శుద్ధమైన ఇనుమును కూడా 15 గిగాపాస్కల్‌కు పైబడిన పీడనంలో నొక్కితే దాని స్ఫటిక నిర్మాణం మారి, ఫెర్రో అయస్కాంతత్వం పోయి, 2 కెల్విన్ లోపల అతివాహకం అవుతుందని 2001లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపించారు. అయితే వీటన్నిటిలోనూ ఇనుము తన అయస్కాంతత్వాన్ని వదులుకున్నాకే అతివాహకత వచ్చింది కాబట్టి, పాత నియమానికి ఇవి మినహాయింపులుగా కాక ఉదాహరణలుగానే కనిపించాయి.

అసలు మలుపు తిప్పినది టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోని హిదేవో హొసోనో బృందం. వాళ్లు వెదికింది అతివాహకాన్ని కాదు. పారదర్శక అర్ధవాహకాల మీద పనిచేస్తూ, పొరలు పొరలుగా ఉండే ఒక స్ఫటిక నిర్మాణాన్ని పట్టుకుని, అందులో లోహాలను మార్చి మార్చి చూస్తూ వెళ్లారు. 2006లో ఇనుము, భాస్వరం ఉన్న సమ్మేళనంలో 4 కెల్విన్ దగ్గర అతివాహకత కనబడింది. అప్పట్లో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2008 ఫిబ్రవరిలో భాస్వరం స్థానంలో ఆర్సెనిక్‌ను పెట్టి, ఆక్సిజన్‌లో కొంత భాగాన్ని ఫ్లోరిన్‌తో మార్చినప్పుడు అది 26 కెల్విన్‌కు చేరింది. ఆ తర్వాత కొన్ని నెలల పాటు ఈ రంగంలో ఎవరికీ నిద్ర లేదు. పీడనంతో 43 కెల్విన్, లాంథనం బదులు సమేరియం పెడితే 55 కెల్విన్ అంటూ చైనా, జపాన్‌ల నుంచి వరసగా ఫలితాలు వచ్చాయి. మ్యూనిక్‌లో యోరెంట్ బృందం బేరియం ఐరన్ ఆర్సెనైడ్‌లో పొటాషియం కలిపి 38 కెల్విన్ సాధించింది. తైవాన్‌లో మావ్-కుయెన్ వూ బృందం, ఏ ఆర్సెనిక్కూ లేని, అన్నిటికంటే సరళమైన ఐరన్ సెలినైడ్‌లో 8 కెల్విన్ దగ్గర అతివాహకతను చూపింది. ఇవన్నీ ఒకే సంవత్సరంలో జరిగాయి.

ఈ కుటుంబాలను మేము అంకెలతో పిలుచుకుంటాం: లాంథనం, ఇనుము, ఆర్సెనిక్, ఆక్సిజన్ ఒక్కొక్కటి చొప్పున ఉన్నది 1111, బేరియం ఒకటి, ఇనుము రెండు, ఆర్సెనిక్ రెండు ఉన్నది 122, ఐరన్ సెలినైడ్ 11. పేర్లు వేరైనా గుండెకాయ ఒక్కటే. ఇనుము పరమాణువులు చదరపు గళ్లలో ఒక తలంలో పరుచుకుని ఉంటాయి. ప్రతి ఇనుము పరమాణువు చుట్టూ నాలుగు ఆర్సెనిక్ లేదా సెలీనియం పరమాణువులు, రెండు పైన, రెండు కింద, ఒక చతుర్ముఖిగా నిలబడతాయి. ఆ చతుర్ముఖులు అంచులు కలుపుకుని పొర అవుతాయి. పొరకూ పొరకూ మధ్య బేరియమో, లాంథనం ఆక్సైడో, లేకపోతే ఏమీ లేకుండానో ఉంటుంది. ఐరన్ సెలినైడ్ స్ఫటికానికి టేపు అంటించి లాగితే పూతరేకులా పొర లేచి వస్తుంది. కొత్తగా బయటపడిన ఆ తలం మీదే మేము కొలతలు తీసుకుంటాం.

ఇక్కడ చతుర్ముఖి ఆకారం చిన్న సంగతి కాదు. ఆర్సెనిక్, ఇనుము, ఆర్సెనిక్ మధ్య కోణం ఆదర్శ చతుర్ముఖి కోణమైన 109.5 డిగ్రీలకు దగ్గరయ్యే కొద్దీ సందిగ్ధ ఉష్ణోగ్రత పెరుగుతుందని 2008లోనే గమనించారు. 55 కెల్విన్ సమేరియం సమ్మేళనం ఆ కోణానికి చాలా దగ్గర. ఇది అన్ని సందర్భాలలోనూ నిలిచే నియమం కాదు కాని, కొత్త పదార్థం గురించి విన్నప్పుడు నేను మొదట అడిగేది ఆ కోణమే.

ఇప్పుడు అయస్కాంతత్వం సంగతి. డోపింగ్ లేని బేరియం ఐరన్ ఆర్సెనైడ్ అతివాహకం కాదు. సుమారు 140 కెల్విన్ దగ్గర దాని చదరపు గళ్లు కొద్దిగా దీర్ఘచతురస్రాలుగా సాగి, దాంతో పాటే ఇనుము స్పిన్లు చారలుగా సర్దుకుంటాయి: ఒక దిశలో వరసగా ఒకే వైపు, దానికి లంబంగా ఉన్న దిశలో ఒకటి విడిచి ఒకటి ఎదురుగా. న్యూట్రాన్లతో కొలిస్తే ఒక్కో ఇనుము పరమాణువు భ్రామకం 0.9 బోర్ మాగ్నెటాన్‌కు (పరమాణు భ్రామకాలను కొలిచే ప్రమాణం) కొంచెం తక్కువగా వస్తుంది. మన ఇంట్లో ఉన్న మేకులోని ఇనుములో ఇది 2.2. లాంథనం సమ్మేళనంలోనైతే మొదటి కొలతల్లో 0.36 మాత్రమే వచ్చింది. స్పిన్లు సగం ఇటు, సగం అటు ఉంటాయి కాబట్టి మొత్తం మీద భ్రామకం సున్నా. పైగా గది ఉష్ణోగ్రతలో అసలు ఈ క్రమమే ఉండదు. అందుకే కాగితం మీద పలక కదలలేదు.

ఈ క్రమాన్ని చెరపడానికి దారులు ఒకటి కాదు, చాలా ఉన్నాయి. బేరియం చోట పొటాషియం పెట్టి ఎలక్ట్రాన్లు తగ్గించవచ్చు. ఇనుము చోటే ఆరేడు శాతం కోబాల్ట్ పెట్టి ఎలక్ట్రాన్లు పెంచవచ్చు. అప్పుడు సుమారు 22 కెల్విన్ వస్తుంది. ఆర్సెనిక్‌లో 30 శాతాన్ని భాస్వరంతో మార్చితే ఎలక్ట్రాన్ల లెక్క మారకుండానే 30 కెల్విన్ వస్తుంది. ఏమీ కలపకుండా పీడనం ఒక్కటే ప్రయోగించినా ఫలితం ఉంటుంది. కోబాల్ట్ ఉదాహరణ దగ్గర ఒక్క క్షణం ఆగండి. రాగి ఆక్సైడ్లలో రాగి చోట జింక్‌ను రెండు మూడు శాతం పెడితే అతివాహకత దారుణంగా దెబ్బతింటుంది. ఇక్కడ అతివాహకత పుట్టే ఇనుము తలంలోనే వేరే అయస్కాంత లోహాన్ని చొప్పిస్తే అతివాహకత పుడుతోంది. ఈ ఎలక్ట్రాన్లు ఒక్కో పరమాణువుకు కట్టుబడి లేవని, పొరంతటికీ చెందినవని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ప్రయోగం నాకు తెలియదు.

దారి ఏదైనా పటం ఒకేలా ఉంటుంది: అయస్కాంత క్రమం మొదలయ్యే ఉష్ణోగ్రత క్రమంగా తగ్గుతూ వచ్చి, అది సున్నాకు చేరబోయే చోట అతివాహకత శిఖరానికి చేరుతుంది. రెండూ పక్కపక్కనే కాపురం ఉంటున్నాయి కాబట్టి వాటికి సంబంధం ఉందని ఎవరికైనా అనిపిస్తుంది. అనిపించడం వేరు, రుజువు వేరు. అందుకే మీ రెండో ప్రశ్నను విడిగా తీసుకుంటున్నాను.

1957 నాటి బార్డీన్, కూపర్, ష్రీఫర్ సిద్ధాంతంలో ఎలక్ట్రాన్లను జతకలిపేది జాలక కంపనాలు, అంటే ఫోనాన్లు. లాంథనం సమ్మేళనంలో ఎలక్ట్రాన్లకూ ఫోనాన్లకూ మధ్య బలం ఎంతో 2008లోనే లెక్కగట్టారు. ఆ బలంతో వచ్చే సందిగ్ధ ఉష్ణోగ్రత ఒక కెల్విన్ లోపే. ప్రయోగంలో చూసినది 26. కాబట్టి ఫోనాన్లు ఒంటరిగా ఈ పని చేయలేవు. అదే ఏడాది మేజిన్ బృందం, జపాన్‌లో కురోకి బృందం విడివిడిగా ఒక చిత్రాన్ని ప్రతిపాదించాయి. ఈ పదార్థాలలో ఫెర్మీ తలం, అంటే అత్యధిక శక్తి గల ఎలక్ట్రాన్ల ద్రవ్యవేగాలను చూపే తలం, ఒకే ముక్కగా ఉండదు. మధ్యలో హోల్ పాకెట్లు (ఎలక్ట్రాన్లు లేని ఖాళీల ముక్కలు), మూలల్లో ఎలక్ట్రాన్ పాకెట్లు ఉంటాయి. స్పిన్ల చార క్రమానికి ఏ తరంగ సదిశ (చారలు ఏ దిశలో, ఎంత దూరానికి మళ్లీ వస్తాయో చెప్పేది) ఉందో, సరిగ్గా అదే సదిశ ఈ రెండు రకాల పాకెట్లను కలుపుతుంది. స్పిన్ కదలికల వల్ల ఎలక్ట్రాన్ల మధ్య పుట్టేది ఆకర్షణ కాదు, వికర్షణ. అయితే ఎలక్ట్రాన్ జతను వర్ణించే తరంగ ఫలానికి ఒక పాకెట్ మీద ప్లస్ గుర్తు, రెండో పాకెట్ మీద మైనస్ గుర్తు ఉంటే ఆ వికర్షణే జతకట్టడానికి పనికి వస్తుంది; మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ వచ్చినట్టు. దీన్నే ఎస్ ప్లస్-మైనస్ స్థితి అంటారు.

దీనికి ఆధారాలు గట్టివే. పొటాషియం కలిపిన 122 నమూనాలో, సందిగ్ధ ఉష్ణోగ్రతకు దిగువన మాత్రమే, 14 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర న్యూట్రాన్ ప్రయోగాల్లో ఒక అనునాద శిఖరం, అంటే ఆ శక్తి దగ్గర హఠాత్తుగా పెరిగిన స్పందన, 2008లోనే కనబడింది. గుర్తు మారే జతలు ఉంటేనే అలాంటిది తేలికగా వివరణకు అందుతుంది. 2010లో హనగురి బృందం సూక్ష్మదర్శినితో, అయస్కాంత క్షేత్రం పెట్టి ఎలక్ట్రాన్ తరంగాల జోక్యాన్ని చూసి, అదే గుర్తు మార్పును సూచించింది.

అయినా నేను ఎందుకు తటపటాయిస్తున్నానంటే ఈ చిత్రానికి లొంగని పదార్థాలు ఉన్నాయి. ఐరన్ సెలినైడ్ 90 కెల్విన్ దగ్గర చదరం నుంచి దీర్ఘచతురస్రంగా సాగుతుంది కాని, మామూలు పీడనంలో అయస్కాంత క్రమం ఎప్పటికీ రాదు. అయినా అతివాహకం అవుతుంది. పీడనం పెంచితే 8 నుంచి 37 కెల్విన్ దాకా వెళ్తుంది. దాన్ని ఒకే ఒక్క పొర మందంలో స్ట్రాన్షియం టైటనేట్ మీద పెంచితే 65 కెల్విన్ పరిసరాల్లో అతివాహక గ్యాప్ (జతను విడగొట్టడానికి కావలసిన శక్తి) కనిపిస్తుందని 2012 నుంచి బీజింగ్ ప్రయోగాలు చెబుతున్నాయి. ఆ ఒంటి పొరలో మధ్యలో ఉండవలసిన హోల్ పాకెట్లే లేవు. మరి ప్లస్ ఎక్కడ, మైనస్ ఎక్కడ? కింది స్ట్రాన్షియం టైటనేట్ ఫోనాన్లు సాయం చేస్తున్నాయని ఒక వాదన. ఎలక్ట్రాన్ పాకెట్ల మధ్యే గుర్తు మారుతోందని ఇంకో వాదన. నాకు మొదటిదాని వైపు కొంత మొగ్గు ఉంది. అయితే ఒంటి పొర నమూనాలను నేను స్వయంగా పెంచలేదు కాబట్టి ఆ మొగ్గుకు పెద్ద విలువ ఇవ్వకండి. 122, 1111 కుటుంబాల విషయంలో మాత్రం స్పిన్ కదలికలే ప్రధాన పాత్రధారులని నిస్సంకోచంగా చెబుతాను.

ఇక మూడో ప్రశ్న. నాకు ఎక్కువ అనుభవం ఉన్నది ఇక్కడే కాబట్టి కొంచెం విస్తరిస్తాను. ఐరన్ సెలినైడ్ పొడి నమూనా తయారు చేయడం ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు అసాధ్యం కాదు. కాని అది కనిపించేంత సులభం కాదు, ఒంటరిగా చేయదగిన పనీ కాదు. ఆర్సెనిక్ ఉన్న సమ్మేళనాల జోలికి మాత్రం కళాశాలలో వెళ్లవద్దు. ఆర్సెనిక్ 615 డిగ్రీల సెల్సియస్ పరిసరాల్లో ద్రవం కాకుండానే నేరుగా ఆవిరి అవుతుంది. మూసిన క్వార్ట్జ్ గొట్టంలో తొందరపడి వేడిచేస్తే పీడనం పెరిగి గొట్టం పేలుతుంది. నేను పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక అర్ధరాత్రి మా పక్క గదిలో అలాగే ఒక గొట్టం పేలింది. కొలిమి వాయునిర్గమన అలమారలో (ఫ్యూమ్ హుడ్) ఉండబట్టి ఎవరికీ ఏమీ కాలేదు కాని, ఆ కొలిమిని, దాని చుట్టూ గోడలను శుభ్రం చేసే సరికి వారం పట్టింది. ఆ తర్వాత నుంచి ఆర్సెనిక్‌ను ఇనుముతో ముందుగా నిదానంగా కలిపి, ఆ సమ్మేళనాన్నే స్ఫటికాలు పెంచడానికి వాడుతున్నాను.

సెలీనియం కూడా విషమే, కాకపోతే జాగ్రత్తగా చేస్తే అదుపులో ఉంటుంది. చేతి తొడుగులు, వాయునిర్గమన అలమార లేకుండా దాన్ని నూరకూడదు. టెల్లూరియం కలపాలన్న ఆలోచన ఉంటే ఇంకో సంగతి తెలుసుకోండి: అది కొద్దిగా లోపలికి వెళ్లినా రోజుల తరబడి ఊపిరిలో వెల్లుల్లి వాసన వస్తుంది. మా దగ్గర ఎవరు తొడుగు వేసుకోలేదో అడగనక్కరలేకుండానే తెలిసిపోయేది.

ఇప్పుడు అసలు చిక్కు. ఇనుము, సెలీనియం ఒకటికి ఒకటి కలిస్తే సరిపోతుందనుకుంటారు. మీకు కావలసిన టెట్రాగోనల్ (చదరపు అడుగు గల) రూపం సుమారు 457 డిగ్రీల సెల్సియస్ లోపలే స్థిరంగా ఉంటుంది. అంతకు పైన వేరే షట్కోణ రూపం. 300 డిగ్రీల కిందికి వచ్చాక మళ్లీ నెమ్మదిగా అతివాహకం కాని వేరే రూపంగా మారడం మొదలవుతుంది. అంటే కరిగించి చల్లార్చితే మంచి స్ఫటికం రాదు. పొడి నమూనాకైతే మూసిన గొట్టంలో 700 డిగ్రీల దాకా రోజుల తరబడి నిదానంగా ఎక్కించి, నూరి, మళ్లీ మూసి, 400 డిగ్రీల దగ్గర చాలా రోజులు ఉంచి, 300 దాటి కిందికి రాకముందే తీసి నీళ్లలో ముంచి చల్లార్చాలి. మొదటి గొట్టం పగిలినా నష్టం లేకుండా దాన్ని ఇంకో గొట్టంలో పెట్టి మూయండి. మేము మంచి స్ఫటికాలకు వాడేది వేరే పద్ధతి: పొటాషియం క్లోరైడ్, అల్యూమినియం క్లోరైడ్ లవణాల మిశ్రమంలో, గొట్టం ఒక చివర 390, రెండో చివర 240 డిగ్రీలు ఉండేలా పెట్టి వారాల తరబడి వదిలేయడం. చల్లటి చివర బియ్యపు గింజంత నుంచి గోరంత దాకా వెండి రంగు పలకలు పేరుకుంటాయి. గొట్టం పగలగొట్టి ఆ లవణాన్ని నీటిలో కరిగించినప్పుడు అడుగున మెరిసే పలకలు కనబడడం ఇప్పటికీ నాకు సంతోషం కలిగించే దృశ్యం.

పాళ్ల విషయంలో ఈ పదార్థం క్షమించదు. ప్రిన్స్‌టన్‌లో 2009లో జరిగిన పనిలో, సెలీనియం ఒకటికి ఇనుము 1.01 పాళ్లు ఉన్న నమూనా 8.5 కెల్విన్ దగ్గర అతివాహకమయింది, 1.03 పాళ్లు ఉన్నది అసలు కాలేదు. రెండు శాతం ఇనుము ఎక్కువైనంత మాత్రాన అంతా పోయింది. కొలిమిలో పెట్టేముందు తూకం వేసే త్రాసు మీ ప్రాజెక్టులో అన్నిటికంటే ముఖ్యమైన పరికరం. పొరల మధ్య ఇరుక్కున్న ఈ అదనపు ఇనుము స్థిర భ్రామకంతో ఉంటుంది; అంటే పాఠ్యపుస్తకంలోని శత్రువు ఇక్కడ నిజంగానే పనిచేస్తున్నాడు. దీనికి సంబంధించి జపాన్‌లో ఒక విచిత్రమైన ప్రయోగం జరిగింది. ఐరన్ టెల్లూరైడ్‌లో కొంత గంధకం కలిపిన నమూనాలను రకరకాల మద్యాలలో 70 డిగ్రీల దగ్గర 24 గంటలు ఉంచితే అతివాహకత పెరిగింది, అందరికంటే రెడ్ వైన్ ముందు నిలిచింది. తర్వాత పరిశీలిస్తే ఆ పానీయాలలోని కర్బన ఆమ్లాలు పొరల మధ్య ఉన్న అదనపు ఇనుమును బయటికి లాగేస్తున్నాయని తేలింది. విన్నప్పుడు అందరూ నవ్వుతారు కాని, రసాయన శాస్త్రం గట్టిదే.

నమూనా తయారయ్యాక మొదటి పరీక్షకు డబ్బు ఖర్చు లేదు. పొడిని కాగితం మీద పోసి అయస్కాంతం చూపించండి. ఎగిరి అంటుకుంటే కలవని ఇనుమో, షట్కోణ రూపమో మిగిలి ఉన్నట్టు, మళ్లీ మొదలుపెట్టాలి. ఎక్స్-కిరణ వివర్తనం, అంటే ఎక్స్-కిరణాలతో స్ఫటిక రూపాన్ని గుర్తించే పరీక్ష, దాని తర్వాత. వివర్తనంలో ఒకటి రెండు శాతం మాలిన్యం కనబడకపోవచ్చు కాని, అయస్కాంత కొలతలో అది ఏనుగంతై కూర్చుంటుంది. మా దగ్గర ఒక విద్యార్థి తన ఐరన్ సెలినైడ్ నమూనాలో 120 కెల్విన్ దగ్గర అయస్కాంతీకరణలో ఒక మెట్టును చూసి, ఎవరికీ తెలియని కొత్త పరివర్తన దొరికిందని నెల రోజులు రాత్రింబవళ్లు కొలిచాడు. ఆ ఉష్ణోగ్రత వినగానే నాకు అనుమానం వచ్చింది. మాగ్నటైట్ అనే ఇనుప ఆక్సైడ్‌కు సరిగ్గా అక్కడే వెర్వే పరివర్తన అనే ప్రసిద్ధమైన మార్పు ఉంది. అతను వాడిన ఇనుప పొడి సీసా మూత సరిగా బిగించక గాలి తగిలి ఆక్సైడ్ కట్టింది. కొత్త సీసా తెప్పించి మళ్లీ చేస్తే ఆ మెట్టు మాయమైంది.

ఇలాంటి బోల్తాలు నేనూ తిన్నాను. బేరియం ఐరన్ ఆర్సెనైడ్‌ను మొదట్లో కరిగిన తగరంలో పెంచేవాళ్లం. అయస్కాంత పరివర్తన 140 దగ్గర రావలసింది 85 కెల్విన్ దగ్గర వచ్చింది. కొంత తగరం జాలకంలోకే చొరబడడం దానికి కారణమని ఇతర ప్రయోగశాలలు కూడా చెప్పాకే తేలింది. పైగా 3.7 కెల్విన్ దగ్గర నిరోధం కొద్దిగా పడిపోయి 'అతివాహకత' కనిపించింది. అది మా స్ఫటికంది కాదు, అందులో చిక్కుకున్న తగరపు బొట్లది; తగరం సందిగ్ధ ఉష్ణోగ్రత అదే. తీగలు అతికించడానికి ఇండియం వాడేవారికి 3.4 దగ్గర కూడా అదే గతి. అప్పటి నుంచి మేము తగరం మానేసి, ఐరన్ ఆర్సెనైడ్ మిశ్రమంలోనే 1180 డిగ్రీలకు ఎక్కించి, గంటకు రెండు మూడు డిగ్రీల చొప్పున చల్లార్చి స్ఫటికాలు పెంచుతున్నాం.

నిరోధం సున్నా అయిందని సంతోషపడేముందు, నాలుగు తీగలలో ఒకటి ఊడిపోలేదని చూసుకోండి. వోల్టేజి తీగ ఊడినా మీటర్ సున్నాకు దగ్గరగానే చూపించగలదు. నిరోధం పడిపోవడం ఒక్కటే అతివాహకతకు సాక్ష్యం కాదని 2023లో గది ఉష్ణోగ్రత అతివాహకమని ప్రచారమైన ఎల్‌కే-99 పదార్థం గొడవ మరోసారి చూపించింది. అక్కడ కనిపించిన పతనం, మాలిన్యంగా ఉన్న రాగి సల్ఫైడ్‌లో జరిగే నిర్మాణ మార్పుదని తేలింది. అయస్కాంత క్షేత్రాన్ని బయటికి నెట్టివేసే మైస్నర్ ప్రభావం కూడా కనిపించాలి. క్షేత్రం పెంచితే పరివర్తన ఉష్ణోగ్రత తగ్గాలి. ఈ రెండూ చూశాకే ఆ మాట వాడండి.

కొలతకు మీకు 8 కెల్విన్ కావాలి. ద్రవ నైట్రోజన్ 77 కెల్విన్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి, హీలియం పరికరం తప్పనిసరి. కళాశాలలో అది ఉండదు. ఇందోర్‌లోని యూజీసీ-డీఏఈ కన్సార్షియం (యూజీసీ, అణుశక్తి విభాగాల ఉమ్మడి పరిశోధన సంస్థ) విశ్వవిద్యాలయాల వారికి తక్కువ ఉష్ణోగ్రత కొలతల సౌకర్యం ఇస్తుంది. దరఖాస్తు మీ గైడ్ పేరున వెళ్లాలి, నెలల ముందే వెళ్లాలి. ప్రాజెక్టు గడువు ఒక సెమిస్టరే అయితే ఈ దారిలో మీరు కొలిమి దగ్గరే ఆగిపోయే ప్రమాదం ఉంది.

ప్రాజెక్టులో అతివాహకతను కళ్లతో చూడడమే మీ ఉద్దేశమైతే ఇనుము వదిలేసి ఇట్రియం బేరియం రాగి ఆక్సైడ్ బిళ్ల తయారు చేసుకోండి. దానికి మూసిన గొట్టం అక్కరలేదు, ఆక్సిజన్ ప్రవాహం ఉన్న మీ గొట్టపు కొలిమి చాలు. 90 కెల్విన్ పరిసరాల్లో పనిచేస్తుంది కాబట్టి థర్మోకోల్ గిన్నెలో ద్రవ నైట్రోజన్ పోసి అయస్కాంతాన్ని గాలిలో నిలబెట్టి చూపవచ్చు. అలా కాక, పరిశోధనలోకి వెళ్లే ఉద్దేశంతో ఇనుము పదార్థాలతోనే మొదలుపెట్టాలనుకుంటే ఐరన్ సెలినైడ్ మంచి ఎంపిక. అప్పుడు ప్రాజెక్టు శీర్షికలో అతివాహకత అనే మాట పెట్టకుండా, పాళ్లు 1.00 నుంచి 1.04 వరకు మార్చుతూ ఏ రూపం ఎంత శాతం ఏర్పడుతోందో ఎక్స్-కిరణాలతో కొలవడమే అంశంగా పెట్టుకోండి. ఇందోర్ నుంచి కొలత సమయం దొరికితే ఆ నమూనాలే తీసుకుని వెళ్లవచ్చు. దొరకకపోయినా మీ పని పూర్తయినట్టే. తూకాలు, కొలిమి ఉష్ణోగ్రత వివరాలు రాసి అడిగితే, ఏ మెట్టులో ఎన్ని గంటలు ఉంచాలో లెక్క చూసి చెబుతాను.